చదవనివ్వని నివేదిక

సాహిత్యం చదువుకున్నదాన్ని కావడం వల్ల ఏ విషయాన్నయినా కాగితం మీద చూసి అర్థం చేసుకోవడం నాకు అలవాటు. కథ అయినా, కోర్టు తీర్పు అయినా, కమిటీ మినిట్స్ అయినా ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఎవరు చదవడం కోసం రాశారు అని అడగకుండా ముందుకు పోలేను. ఈ మూడు ప్రశ్నలూ వేద్దామంటే చేతికి దొరకని ఒక పాఠం 2023 నుంచీ నన్ను తొలుస్తూ వుంది. మహిళా రెజ్లర్లు చేసిన లైంగిక వేధింపుల ఆరోపణల మీద పర్యవేక్షణ కమిటీ విచారించి, ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖకు ఇచ్చిన నివేదిక అది. దాన్ని ప్రభుత్వం ప్రజల ముందు పెట్టలేదు. తమ మాటలు ఆ కాగితాల్లోకి ఎలా ఎక్కాయో తెలుసుకోడానికి, ఆ మాటలు చెప్పిన ఆడపిల్లలు మళ్లీ రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది.

క్రీడల్లో భద్రతనూ న్యాయాన్నీ చూసుకునే స్వతంత్ర సంస్థ ఎలా వుండాలన్న చర్చ 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టంతో మన దేశంలో ఒక కొత్త మలుపు తీసుకుంది. ఆ చర్చను క్రీడా విలేఖరులకీ లాయర్లకీ వదిలేస్తే సరిపోదని నా అభిప్రాయం. అలాంటి సంస్థ చేసే ప్రధానమైన పని ఒక స్త్రీ చెప్పిన మాటను వినడం, రాయడం, దాన్నిబట్టి తీర్పు చెప్పడం. మాట రాతగా మారేటప్పుడు ఏం పోతుందో, ఏం మిగులుతుందో గమనించడం మన పని. అందుకే రెండు సినిమాలు, ఒక నివేదిక, ఒక ఆత్మకథ, కొన్ని చట్టాలు పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం చేస్తున్నాను.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. 2023 జనవరి 18న వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా మొదలైనవాళ్లు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. భారత రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు, అప్పటి ఎంపీ బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ మహిళా రెజ్లర్లను లైంగికంగా వేధించాడన్నది ఆరోపణ. ఆయన ఖండించాడు. అయిదు రోజుల తర్వాత మంత్రిత్వ శాఖ మేరీ కోమ్ అధ్యక్షతన అయిదుగురితో పర్యవేక్షణ కమిటీ వేసింది. నెలాఖరుకు బబితా ఫోగట్‌ను ఆరో సభ్యురాలిగా చేర్చింది. నాలుగు వారాల గడువిచ్చి, తర్వాత పొడిగించింది. ఆరోపణలు విచారించడంతోపాటు సమాఖ్య రోజువారీ వ్యవహారాలు నడిపే బాధ్యత కూడా ఆ కమిటీకే అప్పగించింది.

ఆరుగురిలో నలుగురు స్త్రీలు. అధ్యక్షురాలు ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. స్త్రీల ప్రాతినిధ్యం అనే లెక్క ప్రకారం చూస్తే దీనికి వంక పెట్టలేం. అయితే ఆరుగురూ ఆటలకో, ఆటల పాలనకో చెందినవాళ్లే. లైంగిక వేధింపుల కేసుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మహిళా సంఘం మనిషి అందులో ఒక్కరూ లేరు. తమ సాక్ష్యానికి ఆడియోలో వీడియోలో చూపించమని అడిగారని రెజ్లర్లు తర్వాత చెప్పారు. మూసిన గదిలో జరిగిందని చెబుతున్న పనికి వీడియో అడగడం ఎంత క్రూరమో, ఇలాంటి ఫిర్యాదు ఒక్కటి విన్న వాళ్లకయినా తెలుస్తుంది.

నివేదిక ఏప్రిల్ మొదట్లో చేరింది. ఆ నెల 23న రెజ్లర్లు మళ్లీ జంతర్ మంతర్‌కు వచ్చారు. మర్నాడు మంత్రిత్వ శాఖ అందులోంచి కొన్ని ముక్కలు మాత్రం బయటపెట్టింది. చట్టప్రకారం వుండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ సమాఖ్యలో లేదు. క్రీడాకారులకు అవగాహన కలిగించే ఏర్పాటు చాలినంత లేదు. సమాఖ్యకూ క్రీడాకారులకూ మధ్య పారదర్శకత, సంప్రదింపులు పెరగాలి. ఇంతే. విమర్శకురాలిగా ఈ మూడు వాక్యాలనూ చదివితే నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది వాటిలో మనుషులు లేకపోవడం. లేదు, చాలదు, పెరగాలి. ఎవరో ఏదో చేశారని గానీ, చెయ్యలేదని గానీ చెప్పే క్రియ ఒక్కటీ లేదు. అంతర్గత కమిటీ లేదన్న సంగతి తెలుసుకోడానికి రెండు నెలల విచారణ అక్కర్లేదు, ఒక ఫోన్ కాల్ చాలు.

ఇంకో విషయం కూడా వుంది. నివేదిక చివరి పేజీలు చదువుతూండగా తన చేతిలోంచి లాక్కున్నారని, తన అభ్యంతరాలు అందులో పెట్టలేదని బబితా ఫోగట్ బహిరంగంగా ఆరోపించింది. మరో సభ్యురాలు అది అబద్ధమంది. ఎవరు చెప్పింది నిజమో తేల్చడం నా ఉద్దేశం కాదు. కమిటీ సభ్యురాలే తాను సంతకం చేసిన పాఠాన్ని పూర్తిగా చదివానో లేదో అనే వాదన వీధికెక్కిందంటే, ఆ పాఠం ఎలాంటి పరిస్థితుల్లో తయారయిందో మనం ఊహించుకోవచ్చు.

తర్వాతి కథ కోర్టుల్లో నడిచింది. రెజ్లర్లు సుప్రీం కోర్టుకు వెళ్లాక 2023 ఏప్రిల్ 28న ఢిల్లీ పోలీసులు రెండు ఎఫ్‌ఐఆర్‌లు నమోదు చేశారు. జూన్ 15న ఛార్జిషీటు వేశారు. మైనర్ బాలిక కేసును మూసేయమని పోలీసులు కోరగా 2025 మేలో కోర్టు ఒప్పుకుంది. మిగిలిన కేసులో 2024 మేలో అభియోగాలు ఖరారయ్యాయి. తాను నిర్దోషినని ఆయన చెప్పాడు. నేరం రుజువవుతుందో లేదో తేల్చవలసింది కోర్టు. నన్ను ఆలోచింపజేసింది ఆ వాదనల్లో వచ్చిన ఒక సంగతి. పర్యవేక్షణ కమిటీ తమ క్లయింటును తప్పుపట్టలేదు కదా అని నిందితుడి లాయర్లు అదే నివేదికను ముందుకు తెచ్చారు. ఆ కమిటీని చట్టం చెప్పిన పద్ధతిలో వెయ్యనే లేదని ప్రాసిక్యూషన్ జవాబిచ్చింది. ఆడవాళ్ల గోడు వినడానికి వేశామన్న కమిటీ రాత, చివరికి ఆ ఆడవాళ్లకు ఎదురు సాక్ష్యంగా నిలబడింది. పర్యవేక్షణలో స్వతంత్రత లేకపోతే ఏం నష్టమని ఎవరయినా అడిగితే నేను చూపించేది ఈ ఉదాహరణనే.

ఇలాంటి సంస్థను మనం గట్టిగా డిమాండ్ చెయ్యలేకపోవడానికి ఒక కారణం మన ఊహల్లో అది లేకపోవడం అనుకుంటాను. ఆడుకునే అమ్మాయికి రక్షణ ఎక్కణ్ణుంచి వస్తుందని మన సినిమాలు చెప్పాయి? ‘దంగల్’ 2016లో వచ్చింది. ఫోగట్ అక్కచెల్లెళ్ల కథ. జుట్టు కత్తిరింపించేదీ తండ్రే, కుస్తీ నేర్పేదీ తండ్రే, జాతీయ శిబిరంలో కోచ్ తప్పుదారి పట్టిస్తుంటే గెలుపు దారి చూపించేదీ తండ్రే. శిబిరం, సమాఖ్య అంటే అమ్మాయి పరాయిదయిపోయే చోటు. ఇంటి మగవాడే ఆమెకు దిక్కు. ఆ కథలోని బబితే ఏడేళ్ల తర్వాత నిజంగా ఒక విచారణ కమిటీలో కూర్చోవడం, ఆమె పెదనాన్న... కాదు, ఆమె తండ్రి పెంపకంలోనే ఎదిగిన వినేశ్ బయట ధర్నాలో కూర్చోవడం సినిమాకు అందని కథ.

మన తెలుగులో భరత్ కమ్మ ‘డియర్ కామ్రేడ్’ 2019లో వచ్చింది. ఇందులో లిల్లీ క్రికెటర్. సెలక్షన్ చేతిలో వున్న పెద్దమనిషి వేధిస్తే ఆటే వదిలేసి కుంగిపోతుంది. ఒక వాణిజ్య చిత్రం ఈ విషయాన్ని తీసుకోవడమే గొప్ప అనుకున్న రోజులవి. ఆమెకు కలిగిన గాయాన్ని ఆ సినిమా చులకన చెయ్యలేదు, ఒప్పుకుంటాను. అయినా పోరాడాలన్న పట్టుదల అంతా ప్రేమికుడిది. మాట్లాడు, మాట్లాడు అని తరిమేది అతనే. విచారణ గదిలో లిల్లీ ముందు తడబడి, చివరికి తనే తిరగబడుతుంది. మనం చప్పట్లు కొడతాం. కానీ ఆ గదిలో బల్లకు అవతల కూర్చున్నవాళ్లు ఎవరు, వాళ్లను ఎవరు నియమించారు, ఆమె మాటలు ఎవరు రాసుకున్నారు, మర్నాడు ఆమె ప్రాక్టీసుకు వెళితే ఏమవుతుంది – ఇవేవీ సినిమాకు అక్కర్లేదు. తండ్రి గానీ ప్రేమికుడు గానీ లేని అమ్మాయి సంగతేమిటని అడిగితే రెండు సినిమాల్లోనూ జవాబు లేదు. స్వతంత్ర సంస్థ అనే ఆలోచనకు విలువంతా అక్కడే వుంది. మగవాడి దయ, కోపం, ప్రేమ వీటితో నిమిత్తం లేకుండా దొరికే రక్షణ అది.

నిజానికి ఇది మన స్త్రీల ఉద్యమానికి కొత్త ఆలోచన కాదు. 1997లో విశాఖ తీర్పు వచ్చినప్పుడే సుప్రీం కోర్టు ఫిర్యాదుల కమిటీకి స్త్రీ అధ్యక్షురాలిగా వుండాలని, సగానికి తక్కువ కాకుండా స్త్రీలుండాలని, పైనుంచి వచ్చే ఒత్తిళ్లను తట్టుకోడానికి బయటి సంస్థ మనిషి ఒకరు వుండాలని చెప్పింది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయిన సాథిన్ భన్వరీదేవి మీద జరిగిన అత్యాచారం ఆ తీర్పుకు మూలం. 2013 చట్టం ఆ బయటి సభ్యురాలిని తప్పనిసరి చేసింది. అంతేకాదు, పనిచేసే చోటు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో క్రీడా సంస్థలను, స్టేడియాలను, శిక్షణ జరిగే చోట్లను పేరుపెట్టి చేర్చింది. విచారణ 90 రోజుల్లో ముగించాలంది. నివేదికను సంబంధిత పక్షాలకు అందుబాటులో వుంచాలంది. అంటే రెజ్లర్లు అడిగిందేదీ గొంతెమ్మ కోరిక కాదు. పదేళ్ల ముందే చట్టంలో వున్నదాన్నే అడిగారు.

బయటి సభ్యురాలు చేసే పని ఎంత చిన్నదో, ఎంత అవసరమో నా అనుభవంలో చూశాను. కొన్నేళ్ల కిందట ఒక విద్యాసంస్థ అంతర్గత కమిటీలో నన్ను బయటి సభ్యురాలిగా వేశారు. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. కబడ్డీ జట్టులో ఆడే అమ్మాయి పీడీ సార్ మీద ఫిర్యాదు చేసింది. తెలుగులో రెండు పేజీలు రాసుకొచ్చింది. అందులో ఒక వాక్యం నేను మర్చిపోలేను. పట్టు నేర్పేటప్పుడు సార్ చెయ్యి వేస్తాడు, అది వేరు, ఇది వేరు అని రాసింది. ఆటలో తాకడం వుంటుంది. ఏది ఆటో ఏది కాదో పద్దెనిమిదేళ్ల పిల్ల శరీరానికి స్పష్టంగా తెలుసు. మినిట్స్ ఇంగ్లీషులో తయారయి వచ్చాయి. శిక్షణ సమయంలో భౌతిక స్పర్శ వల్ల ఫిర్యాదుదారు ఇబ్బందిగా ‘ఫీలయ్యారు’ అని వుంది. ఆ పిల్ల వేరు చేసి చెప్పిన రెండు విషయాలూ కలిసిపోయాయి. అతను చేసింది కాస్తా ఆమెకు అనిపించింది అయిపోయింది.

“మేడమ్, అంత వివరంగా ఎందుకండీ, సారాంశం చాలు కదా” అన్నారు కమిటీలో ఒకాయన. ఆయనేమీ దుర్మార్గుడు కాదు. సంస్థ జీతగాడు, అంతే. రేపు పొద్దున అదే పీడీతో కలిసి టీ తాగాల్సినవాడు. మినిట్స్‌ను తెలుగులో చెప్పి వినిపించాకే ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించాలని నేను పట్టుబట్టాను. విని, “నేను చెప్పింది ఇది కాదు మేడమ్” అంది. ఆమె తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా చేర్చాం. తర్వాత పీడీకి బదిలీ అయింది. ఆ అమ్మాయి జట్టు మానేసింది. దీన్ని విజయమని చెప్పను. ఆ అమ్మాయి మాట మాత్రం ఆమె చెప్పినట్టుగానే ఫైలులో మిగిలింది. నాకు ఆ సంస్థ జీతం ఇవ్వదు, ప్రమోషన్ ఇవ్వదు కాబట్టే గట్టిగా అడగగలిగాను. నాకు ప్రత్యేకంగా ధైర్యం వుందని కాదు. స్వతంత్రత మనిషి గుణం కంటే ఆ మనిషి కూర్చున్న చోటును బట్టి వుంటుందని అప్పుడు అర్థమయింది. మేరీ కోమ్ ఎంత గొప్ప బాక్సర్ అన్నది అందుకే ఇక్కడ ప్రశ్న కాదు.

నివేదిక బయటపెడితే బాధితుల పేర్లు బయటపడతాయి కదా అని ఒక అభ్యంతరం ఎప్పుడూ వినబడుతుంది. తేలిగ్గా కొట్టిపారేయవలసిన మాట కాదు. 2013 చట్టం కూడా గోప్యత పాటించమంటుంది. అయితే పేరు దాచడం వేరు, విచారణలో తేలింది దాచడం వేరు. బ్రిటన్ జిమ్నాస్టిక్స్‌లో చిన్నపిల్లల మీద జరిగిన హింస గురించి ఆన్ వైట్ అనే న్యాయవాది చేసిన విచారణను చూడండి. నాలుగు వందల మందికి పైగా తమ అనుభవాలు చెప్పుకున్నారు. 2022 జూన్‌లో 306 పేజీల నివేదికను అందరూ చదవడానికి వీలుగా ప్రచురించారు. తిండి పెట్టకపోవడం, బరువు పేరుతో అవమానించడం, గాయాలతో ఆడించడం అన్నీ అందులో వున్నాయి. చెప్పుకున్న పిల్లల్ని రక్షిస్తూనే సంస్థను నిలదీయడం సాధ్యమని అది చూపించింది.

మన దగ్గర ఈ విషయంలో అనుభవం చేదుగా వుంది. మలయాళ సినిమా రంగం మీద జస్టిస్ హేమ కమిటీ 2019 చివరిలో నివేదిక ఇస్తే, కొన్ని భాగాలు తీసేసి బయటపెట్టడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. అది చూసి, తెలుగు సినిమా రంగంలో వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వానికి చేరిన సబ్ కమిటీ నివేదికను కూడా బయటపెట్టమని సమంత అడగాల్సి వచ్చింది. స్త్రీలు ఉద్యమిస్తే కమిటీ వేస్తారు. కమిటీ నివేదిక రాస్తుంది. నివేదికను బీరువాలో పెడతారు. తర్వాత బీరువా తెరవమని ఇంకో ఉద్యమం చెయ్యాలి.

స్వతంత్ర సంస్థ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా నేను అనుకోవడం లేదు. అమెరికా అనుభవం మనకు పాఠం కావాలి. జిమ్నాస్టిక్స్ వైద్యుడు లారీ నాసర్ మీద 1990ల చివరి నుంచే పెద్దవాళ్లతో చెప్పుకున్న అమ్మాయిలున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. 2016లో రేచెల్ డెన్‌హాలండర్ పేరుతో సహా పత్రికకు చెప్పాక డొంక కదిలింది. 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో ఏడు రోజుల పాటు 156 మంది స్త్రీలు అతని ఎదుట నిలబడి మాట్లాడారు. సంస్థలు వినని మాటలన్నీ ఒక న్యాయమూర్తి ముందు ప్రవాహంలా వచ్చాయి. అంతకుముందే 2017లో డెన్వర్‌లో సేఫ్‌స్పోర్ట్ అనే ప్రత్యేక సంస్థ మొదలయింది. ఒలింపిక్ క్రీడలన్నిటిలో లైంగిక హింస ఫిర్యాదులను సమాఖ్యల చేతుల్లోంచి తీసి దానికి అప్పగించారు. శిక్షపడినవాళ్ల పేర్ల జాబితాను అది అందరికీ కనబడేలా పెడుతుంది. పిల్లను కోచింగ్‌కు పంపబోయే తల్లి ఆ కోచ్ పేరు అందులో వుందో లేదో చూసుకోవచ్చు. ఇది చాలా పెద్ద విషయం.

కానీ దానికి డబ్బెవరిస్తారు? 2020 చట్టం ప్రకారం ఏటా రెండు కోట్ల డాలర్లు ఇవ్వాల్సింది అమెరికా ఒలింపిక్ కమిటీయే. ఎవరి ఇంటిని సోదా చెయ్యాలో వాళ్ల దగ్గరే జీతం. ఫిర్యాదులు పేరుకుపోతున్నాయని, చాలా వాటిని ఏ నిర్ణయమూ లేకుండా మూసేస్తున్నారని క్రీడాకారిణులే విమర్శించారు. ఈ సంస్థకు ప్రభుత్వమే నిధులివ్వాలని, ఒలింపిక్ వ్యవస్థతో సంబంధం తెంపాలని 2024 మార్చిలో అమెరికా కాంగ్రెస్ నియమించిన కమిషన్ సిఫారసు చేసింది. అన్నిటికన్నా విషాదం ఏమిటంటే, అక్కడ విచారణాధికారిగా పెట్టుకున్న మాజీ పోలీసు మీద ముందు దొంగతనం, తర్వాత అత్యాచారం ఆరోపణలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో ఆ సంస్థ సీఈఓ పదవి పోయింది. ఆ మాజీ పోలీసు ముందు కూర్చుని తమ బాధ చెప్పుకున్న ఆడవాళ్లు ఆ వార్త చదివి ఏమనుకుని వుంటారో! పర్యవేక్షించేవాళ్లను ఎవరు పర్యవేక్షిస్తారు అనే ప్రశ్నకు ముగింపు లేదు. అందుకే ఆ ప్రశ్న అడిగే హక్కు ఎప్పుడూ బయటివాళ్ల చేతిలో వుండాలి.

ఇప్పుడు సాక్షి మలిక్ ఆత్మకథ దగ్గరికి వస్తాను. జొనాథన్ సెల్వరాజ్‌తో కలిసి ఇంగ్లీషులో రాసిన ఈ పుస్తకం 2024 అక్టోబర్‌లో ‘విట్‌నెస్’ పేరుతో వచ్చింది. ఆమె పేరుకు అదే ఇంగ్లీషు. మనకు అనువాదం అక్కర్లేదు, సాక్షి అంటే సాక్షే. 2016 రియోలో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళా రెజ్లర్. 2023 డిసెంబర్ 21న సమాఖ్య ఎన్నికల్లో బ్రిజ్‌భూషణ్‌కు సన్నిహితుడయిన సంజయ్ సింగ్ గెలిచిన రోజు తన షూస్ బల్ల మీద పెట్టి ఆట మానేస్తున్నానని చెప్పిన మనిషి.

పర్యవేక్షణ నివేదికలో దొరకని మనిషి ఈ పుస్తకంలో దొరుకుతుంది. చిన్నప్పుడు ట్యూషన్ మాస్టారు చేసిన పనిని తన తప్పే అనుకుని ఇంట్లో చెప్పలేకపోవడం, 2012లో ఆల్మటీ హోటల్ గదిలో సమాఖ్య అధ్యక్షుడి నుంచి తనకు ఎదురయిందని ఆమె చెబుతున్న అనుభవం, గెలిచిన డబ్బు మీద తనకు లేని అధికారం, అన్నీ ఒకే జీవితంలోని సంగతులుగా వస్తాయి. కమిటీ ఎప్పుడూ ఒక సంఘటన, ఒక తేదీ, ఒక సాక్ష్యం అడుగుతుంది. అది దాని పరిమితి, కొంత వరకూ దాని ధర్మం కూడా. అప్పుడే ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్నకు జవాబు మాత్రం సంఘటనలో వుండదు, జీవితంలో వుంటుంది. ఆత్మకథ ఆ జవాబిస్తుంది. మనం ఆత్మకథలను స్త్రీల చరిత్రకు ఆధారాలుగా చదవడం ఎందుకు మొదలుపెట్టామో ఈ పుస్తకం మళ్లీ గుర్తుచేసింది.

ఈ పుస్తకంలో నాకు ఎక్కువ విలువయినదిగా కనిపించింది ఆమె తన పక్షాన్ని కూడా ప్రశ్నించడం. 2023 జూలైలో సమాఖ్య వ్యవహారాలు చూస్తున్న తాత్కాలిక కమిటీ ఆసియా క్రీడలకు వినేశ్‌నూ బజరంగ్‌నూ ట్రయల్స్ లేకుండా నేరుగా ఎంపిక చేసింది. ఆ మినహాయింపు తీసుకోవడం ఉద్యమాన్ని దెబ్బతీసిందని సాక్షి రాసింది. తాను తీసుకోలేదు. అప్పటికే అండర్-20 ప్రపంచ చాంపియన్ అయిన అంతిమ్ పంఘాల్ ఇది అన్యాయమని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఆమె పిటిషన్ కొట్టేసింది. తర్వాత వినేశ్ గాయపడి తప్పుకోవడంతో అంతిమ్ వెళ్లి కాంస్యం తెచ్చింది.

స్త్రీవాదులుగా మనకు ఈ ఘట్టం ఇబ్బందికరమే. వినేశ్ మన మనిషి. అంతిమ్ కూడా మన మనిషే. ఉద్యమంలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లకు కొంత వెసులుబాటు వుండాలనే వాదనను నేను అర్థం చేసుకోగలను. అయినా ఆ పిల్ల అడిగింది న్యాయమయిన ప్రశ్న. నా దారిలో ఎవరు అడ్డుపడ్డారు, ఏ నియమం ప్రకారం? పైవాళ్లు కోపంతో ఒకరిని తొక్కేస్తే అది భద్రత సమస్య, పైవాళ్లు దయతో ఒకరిని ఎక్కిస్తే అది న్యాయం సమస్య. రెండింటికీ మూలం ఒకటే – కారణం చెప్పనక్కర్లేని అధికారం. ఈ రెండింటినీ విడగొట్టి ఒకటి ఆడవాళ్ల సమస్య అనీ, ఇంకొకటి ఆటల సమస్య అనీ చూస్తే అంతిమ్‌కూ వినేశ్‌కూ మధ్య తగాదాగా మిగిలిపోతుంది.

2024 పారిస్‌లో వినేశ్‌కు జరిగింది దీని పక్కన పెట్టి చూస్తాను. ఆగస్టు 7న, ఫైనల్ జరగాల్సిన రోజు పొద్దున, 50 కిలోల కంటే 100 గ్రాములు ఎక్కువ వుందని ఆమెను పోటీ నుంచి తీసేశారు. మనందరికీ గుండె పగిలింది. ఆ నియమం దయలేనిదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ నియమం ముందే అచ్చయి వుంది. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు చేసుకోగలిగింది, తన లాయర్లతో వాదించుకోగలిగింది. వారంలోపల నిర్ణయం వచ్చింది, ఆ వెంటనే కారణాలతో సహా తీర్పు బయటికి వచ్చింది. ఓడిపోయినా ఎందుకు ఓడిపోయిందో చదువుకోగలిగింది, దానితో విభేదించే అవకాశం మనకూ దొరికింది. 100 గ్రాముల బరువు మీద ఇంత వివరంగా రాయగలిగిన క్రీడా ప్రపంచం, ఆడవాళ్ల మాట మీద రాసినదాన్ని మాత్రం బీరువాలో పెట్టింది.

2025 చట్టాన్ని ఈ దృష్టితో చదివాను. సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు స్త్రీలుండాలని, స్త్రీల కోసం, మైనర్ల కోసం సురక్షిత క్రీడా విధానం వుండాలని, సమాఖ్యలను గుర్తించడానికి జాతీయ క్రీడా బోర్డు, తగాదాలు తీర్చడానికి జాతీయ క్రీడా ట్రిబ్యునల్ వుండాలని అంటుంది. రెజ్లర్ల పోరాటం లేకపోతే ఈ మాటలు ఇంత తొందరగా చట్టంలోకి వచ్చేవి కావని నా నమ్మకం. ట్రిబ్యునల్‌కు సుప్రీం కోర్టు న్యాయమూర్తి లేదా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి స్థాయి వాళ్లు అధ్యక్షత వహిస్తారు. కానీ నియామకాలు చేసేది కేంద్ర ప్రభుత్వం. పేర్లు సూచించే కమిటీలో ఒక న్యాయమూర్తితోపాటు న్యాయ శాఖ, క్రీడా శాఖ కార్యదర్శులుంటారు. రేపు ఒక క్రీడాకారిణి తగాదా క్రీడా శాఖ అండ వున్న పెద్దమనిషితోనే అయితే ఆమెకు నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాబట్టి ఈ చట్టం అమల్లోకి వచ్చే కొద్దీ మనం అడగవలసినవి కొన్ని వున్నాయి. విచారించేవాళ్లలో ఆ క్రీడతో గానీ ఆ శాఖతో గానీ సంబంధం లేని, లైంగిక హింస గురించి తెలిసిన బయటి స్త్రీ తప్పనిసరిగా వుండాలి. విచారించేవాళ్లకే సంస్థ నడిపే పని అప్పగించకూడదు. ఫిర్యాదు చేసిన అమ్మాయి మాటను ఆమె భాషలో రాసి, ఆమెకు చదివి వినిపించాలి. ఎంత కాలంలో ముగిస్తారో ముందే చెప్పాలి. పేర్లు తీసేసి నివేదికలన్నిటినీ ప్రచురించాలి. ఆమె ఆట ఆగకుండా చూడాలి, ఎందుకంటే రెజ్లర్‌కు ఇరవైల్లో పోయిన రెండేళ్లు తిరిగి రావు.

ఇవి అడగడానికి మనం కుస్తీ పట్టనక్కర్లేదు. మనలో చాలామంది యూనివర్సిటీల్లో, కాలేజీల్లో, ఆఫీసుల్లో ఇలాంటి కమిటీల్లో కూర్చుంటున్నాం. ఇంటర్ చదువుతూ అథ్లెటిక్స్ ఆడే పిల్లలు, క్రీడా హాస్టళ్లలో వుండే పిల్లలు ఆ గదుల్లోకి వస్తున్నారు. వాళ్ల తెలుగు మన మినిట్స్‌లోకి ఎలా వెళుతోందో చూడటం మన చేతిలో పని. క్రీడా సంస్థలు, సమాఖ్యలు, ట్రిబ్యునల్ తీర్పులు ఇకమీద మన విమర్శకు వస్తువులు కావాలి. మన పరిశోధక విద్యార్థినులు నవలలతోపాటు ఈ నివేదికలను కూడా తెరిచి, ఏ వాక్యంలో కర్త మాయమయిందో పట్టుకోవాలి. దానికి ముందు ఆ నివేదికలు చదవనివ్వమని అడగాలి. 2023 నాటి నివేదికతోనే మొదలుపెట్టవచ్చు.